సంక్రాంతి బస్సు ఛార్జీలు: ఎంత పెంపు వరకు న్యాయం? వినతిపత్రానికి లెక్కలు కావాలి

కాలనీ_కార్యదర్శి (ప్రశ్న)

కూకట్‌పల్లి, మియాపూర్ వైపు కాలనీ సంఘాలు కొన్ని కలిసి వచ్చే సంక్రాంతికి బాగా ముందే రవాణా శాఖకు ఒక వినతిపత్రం ఇవ్వాలనుకుంటున్నాయి. విషయం అందరికీ తెలిసిందే. మామూలు రోజుల్లో పదిహేను, పదహారు వందలకు దొరికే హైదరాబాద్–విశాఖ ఏసీ స్లీపర్ బెర్తు భోగి దగ్గర పడేసరికి నాలుగు వేలు దాటిపోతుంది. అదే బస్సు, అదే దుప్పటి, అదే పన్నెండు గంటల ప్రయాణం.

వినతిపత్రంలో "దోపిడీ" అని రాసేసి ఊరుకుంటే ఎవరూ పట్టించుకోరని ప్రతి ఏడూ చూస్తూనే ఉన్నాం. అందుకే లెక్క తెలిసినవాళ్లను అడుగుతున్నాను. తిరుగు ప్రయాణంలో బస్సు ఖాళీగా వస్తుంది కాబట్టి పెంచక తప్పదని ఆపరేటర్లు అంటారు. అందులో నిజమెంత? ఆర్టీసీ స్పెషల్ బస్సుల్లో తీసుకునే 50 శాతం, రైల్వే వాళ్ల ఫ్లెక్సీ ఫేర్ కూడా ఇలాంటివేనా, వేరా? గరిష్ఠ ధర పెట్టమని అడిగితే మంచిదా, లేక ఉన్న బస్సులు కూడా రోడ్డెక్కకుండా పోతాయా?

డిపో_లెక్కలు

ముందు ఒక రౌండ్ ట్రిప్పు ఖర్చు వేసి చూద్దాం. హైదరాబాద్–విశాఖ 620 కిలోమీటర్లు అనుకుంటే రానుపోను 1,240. మల్టీ యాక్సిల్ ఏసీ స్లీపర్ లీటరుకు 3.6 కిలోమీటర్లు ఇస్తుందనుకుందాం. డీజిల్ లీటరు 95 రూపాయలు వేసుకోండి. మిగతావి నమూనా అంకెలు, ఆపరేటర్‌ను బట్టి మారతాయి.

డీజిల్: 344 లీటర్లు, 32,700
ఇద్దరు డ్రైవర్లు, క్లీనర్, బత్తాలు: 8,000
టోల్ గేట్లు రానుపోను: 7,000
ట్యాక్స్, పర్మిట్ వాటా: 4,000
టైర్లు, ఆయిల్, రిపేర్లు (కిలోమీటరుకు 8 చొప్పున): 10,000
ఈఎంఐ, ఇన్సూరెన్స్ వాటా: 16,000
మొత్తం: 77,700

36 బెర్తుల బస్సు. మామూలు రోజుల్లో రెండు వైపులా 80 శాతం నిండితే 58 టికెట్లు. తలకు 1,340 పడుతుంది. బుకింగ్ యాప్, ఏజెంటు కమిషన్ కలిపి 12 శాతం పోతుందనుకుంటే టికెట్ ధర 1,523 ఉండాలి. దాని మీద ఏసీ బస్సుకు 5 శాతం జీఎస్టీ కలిపితే 1,600. మీరు చెప్పిన మామూలు ధర ఇదే.

ఇప్పుడు పండగ ముందు రోజులు చూడండి. అటు 36 బెర్తులూ నిండుతాయి. ఇటు వచ్చేటప్పుడు నలుగురు ఉంటే గొప్ప. మొత్తం 40 టికెట్లు. తలకు 1,942. కమిషన్, జీఎస్టీ కలిపితే 2,317. అంటే మామూలు ధరకు 1.45 రెట్లు.

గమనించాల్సింది ఏమిటంటే, ఈ 1.45 అనేది డీజిల్ ధర మీదా, డ్రైవర్ల జీతం మీదా ఆధారపడి రాలేదు. ట్రిప్పు ఖర్చు రెండు రోజుల్లోనూ ఒకటే కాబట్టి అది కొట్టేసుకుపోతుంది. మిగిలేది 58ని 40తో భాగించడమే. మామూలు రోజుల్లో లోడు 70 శాతమే ఉండే సర్వీసుకు ఈ నిష్పత్తి 1.25 అవుతుంది, 90 శాతం నిండే సర్వీసుకు 1.6 అవుతుంది. కాబట్టి "ఖాళీగా తిరిగొస్తాం" అన్న మాట నిజమే. అయితే ఆ మాట ఒకటిన్నర రెట్ల దగ్గర ఆగిపోతుంది. నాలుగు వేల ఎనిమిది వందలు అంటే మూడు రెట్లు. అందులో సగం దాకా ఖర్చుతో సంబంధం లేదు, అది కేవలం కొరత ధర. వినతిపత్రంలో ఈ రెండింటినీ విడదీసి చూపించండి.

ఆర్టీసీ 50 శాతం కూడా ఈ లెక్క నుంచే పుట్టింది. ఉమ్మడి రాష్ట్రంలో 2003లో వచ్చిన జీవో 16 స్పెషల్ సర్వీసులకు ఒకటిన్నర రెట్ల దాకా తీసుకునే వీలిచ్చింది, కారణం తిరుగు ప్రయాణపు ఖాళీయే. తెలంగాణ ఆర్టీసీ దాన్ని స్పెషల్ బస్సులకే వర్తింపజేస్తుంది, రోజూ తిరిగే సర్వీసుల ఛార్జీ మారదు. ఏపీఎస్ఆర్టీసీ కూడా ఒకప్పుడు ఇలాగే వసూలు చేసి, 2023 సంక్రాంతికి స్పెషల్ బస్సులను మామూలు ఛార్జీలకే నడిపింది. ఆ ఖాళీ ట్రిప్పుల నష్టం ఎక్కడికీ పోదు, సంస్థ మోస్తుంది, చివరికి ఏడాదంతా ఎక్కే ప్రయాణికుడో ఖజానానో మోస్తారు. అది తప్పని నేననను, ఎవరు కడుతున్నారో తెలిసి అడగాలంటున్నాను.

మరో రెండు విషయాలు మీ లెక్కలో పెట్టుకోండి. ఖాళీ వాదన ఒక దిశకే చెల్లుతుంది. భోగికి ముందు విశాఖ వైపు పెంచితే, అదే రోజుల్లో విశాఖ నుంచి హైదరాబాద్ వచ్చే టికెట్ తగ్గాలి. కనుమ తర్వాత తిరగబడాలి. ఒకే తేదీన రెండు వైపులా పెంచినవాళ్లు ఆ సాకు చెప్పడానికి లేదు. రెండోది విజయవాడ రూటు. 275 కిలోమీటర్లే కాబట్టి రాత్రి వెళ్లిన బస్సు పొద్దున్నే ఖాళీగా బయల్దేరి సాయంత్రానికి మళ్లీ మియాపూర్‌లో లోడుకు సిద్ధంగా ఉంటుంది. మామూలుగా రెండు రోజులకు ఒక రౌండ్ కొట్టే బండి పండగకు రోజుకో రౌండ్ కొడుతుంది. ఈఎంఐ, ఇన్సూరెన్స్, ట్యాక్స్ వాటా ట్రిప్పుకు సగమవుతుంది. అందుకే దగ్గరి రూట్లలో న్యాయమైన పెంపు దూరం రూట్ల కంటే తక్కువ ఉండాలి, జరుగుతున్నది మాత్రం తద్విరుద్ధం. పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు టోల్ గేట్ల దగ్గర జామ్ అయితే ఈ టర్న్ దెబ్బతినే మాట నిజమే, అది రెండు మూడు రోజుల సంగతి.

బెర్తు_చార్టు

రైల్వే ఫ్లెక్సీ ఫేర్‌కు పై లెక్క అస్సలు వర్తించదు. రైలు ఎలాగూ నడుస్తుంది, బోగీలు అవే, తిరుగు ఖాళీ అనే మాట లేదు. ధర పెరగడానికి కారణం ఎన్ని బెర్తులు అమ్ముడుపోయాయన్నది ఒక్కటే.

2016 సెప్టెంబరు 9 నుంచి రాజధాని, శతాబ్ది, దురంతో రైళ్లలో మొదలుపెట్టారు. మొదటి 10 శాతం బెర్తులు మూల ధరకు, ఆ తర్వాత ప్రతి 10 శాతానికీ మూల ధరలో 10 శాతం చొప్పున పెంపు, గరిష్ఠంగా ఒకటిన్నర రెట్లు. థర్డ్ ఏసీకి 1.4 దగ్గర ఆపారు. ఫస్ట్ ఏసీకి, ఎగ్జిక్యూటివ్ క్లాస్‌కు పెంపు లేదు. పెంపు మూల ధరకే, రిజర్వేషన్ ఫీజు, సూపర్‌ఫాస్ట్ ఛార్జీలకు కాదు.

వెయ్యి రూపాయల మూల ధర, వంద బెర్తులు అనుకుని చూడండి. పది మంది వెయ్యి కడతారు. తర్వాత పదేసి మంది 1,100, 1,200, 1,300, 1,400 కడతారు. మిగిలిన యాభై మంది 1,500 కడతారు. మొత్తం 1,35,000. సగటున 35 శాతం పెంపు. "డిమాండ్‌ను బట్టి ధర" అని పేరు పెట్టారు గానీ సగం రైలు గరిష్ఠ ధరకే వెళ్తుంది. అన్నిటికంటే పెద్ద లోపం, మొదలుపెట్టినప్పుడు ధర పైకే గానీ కిందికి దిగే ఏర్పాటు లేకపోవడం.

ఫలితం కాగ్ 2018 నివేదికలో ఉంది. 2016 సెప్టెంబరు 9 నుంచి 2017 జులై 31 వరకు అదనంగా 552 కోట్ల ఆదాయం వచ్చింది, ఆ రైళ్లలో ఖాళీ బెర్తులు కూడా పెరిగాయి. డబ్బు పెరిగి మనుషులు తగ్గారన్నమాట. ప్రజల డబ్బుతో నడిచే సంస్థకు ఇది మంచి ఫలితమని నేననుకోను. ఆ ఏడాది అక్టోబరు చివర్లో సవరణ ప్రకటించి 15 రైళ్లలో పూర్తిగా తీసేశారు, 32 రైళ్లలో రద్దీ లేని నెలలకు మినహాయించారు, 101 రైళ్లలో గరిష్ఠాన్ని 1.5 నుంచి 1.4కు దించారు. 1.4తో పై లెక్క వేస్తే సగటు పెంపు 30 శాతం. పెద్ద తేడా ఏమీ కాదు.

రద్దీ రోజులకని వేసిన సువిధ రైళ్లు ఇంకా గట్టివి. కనీస ధరే తత్కాల్ ధర. ప్రతి 20 శాతం బెర్తులకు ఒక మెట్టు ఎక్కి, గరిష్ఠంగా తత్కాల్ ధరకు మూడింతల దాకా వెళ్లేలా పెట్టారు.

న్యాయం సంగతికి వస్తే, ఫ్లెక్సీలో ఎవరు ఎక్కువ కడుతున్నారో చూడాలి. 2024 నవంబరు 1 నుంచి ముందస్తు రిజర్వేషన్ గడువు 60 రోజులు. జనవరి 12 ప్రయాణానికి నవంబరు 13 ఉదయం 8 గంటలకు బుకింగ్ తెరుస్తారు. ఆ రోజుకే సెలవు ఖాయమని తెలిసినవాడు, ఇంటర్నెట్ ముందు కూర్చోగలిగినవాడు మూల ధరకు పొందుతాడు. షాపులోనో, నిర్మాణ పనిలోనో ఉండి వారం ముందు గానీ సెలవు తేలనివాడు గరిష్ఠ ధర కడతాడు, లేదా తత్కాల్‌కు పోతాడు. ప్రయాణానికి ముందు రోజు ఉదయం ఏసీకి 10 గంటలకు, నాన్ ఏసీకి 11 గంటలకు తత్కాల్ మొదలవుతుంది. స్లీపర్‌కు అదనం 100 నుంచి 200, థర్డ్ ఏసీకి 300 నుంచి 400. అక్కడా దొరక్కపోతే ప్రీమియం తత్కాల్, అది మళ్లీ మెట్లు ఎక్కే ధర. అంటే ఎక్కువ కట్టేది ఎక్కువ డబ్బున్నవాడు కాదు, సెలవు తన చేతిలో లేనివాడు. విమానం టికెట్‌లో చివరి నిమిషంలో కొనేవాడు ఎక్కువగా కంపెనీ ఖర్చుతో వెళ్లేవాడు కాబట్టి ఆ పద్ధతి అక్కడ కొంత నప్పింది. పండగ రైలుకు, పండగ బస్సుకు నప్పదు.

గిరాకీ_సరఫరా

పై ఇద్దరి లెక్కలూ సరైనవే. గరిష్ఠ ధర ఒక్కటే అడిగితే వచ్చే చిక్కుల గురించి నేను చెప్తాను.

ధర రెండు పనులు చేస్తుంది. ఉన్న సీట్లు ఎవరికి దక్కాలో తేలుస్తుంది, కొత్త సీట్లను రప్పిస్తుంది. క్యాబ్‌లో సర్జ్ (గిరాకీ వేళ పెంచే ధర) పెడితే పక్క పేటలో ఖాళీగా ఉన్న డ్రైవర్ పావుగంటలో వస్తాడు, ఇంట్లో ఉన్నవాడు యాప్ ఆన్ చేస్తాడు. పండగ బస్సుకు ఆ వేగం లేదు. బండి, పర్మిట్, రాత్రంతా నడపగల ఇద్దరు డ్రైవర్లు, ఇవి మూడు రోజుల్లో పుట్టవు. అందుకని ధర మూడింతలైనా సీట్లు మూడింతలు కావు. అదనంగా పోయిన డబ్బులో చాలా భాగం ప్రయాణికుడి జేబులోంచి ఆపరేటర్ జేబులోకి మారడమే.

రద్దీ ధర అనే ఆలోచన పుట్టింది వేరే అవసరానికి. 1950ల మొదట్లో విలియం విక్రీ అనే ఆర్థికవేత్త న్యూయార్క్ సబ్‌వేకు రద్దీ వేళల్లో ఎక్కువ, మిగతా వేళల్లో తక్కువ ఛార్జీ పెట్టమన్నాడు. 1996లో ఆయనకు నోబెల్ వచ్చింది. అక్కడ ఉద్దేశం కొందరైనా వేళ మార్చుకుంటారని. ఢిల్లీ మెట్రో ఆ దారిలోనే రద్దీ లేని వేళల్లో స్మార్ట్ కార్డుకు మరో 10 శాతం తగ్గింపు ఇస్తుంది. ఆఫీసుకు గంట ముందు వెళ్లవచ్చు. భోగి మంట మర్నాడు వేసుకోలేం కదా. పండగ ప్రయాణంలో వేళ మార్చుకోగలిగేది కొందరే: కాలేజీ సెలవులిచ్చిన పిల్లలు, ఇంటి నుంచి పనిచేసే ఉద్యోగులు, పెద్దవాళ్లు. వాళ్లు నాలుగు రోజులు ముందు బయల్దేరాలంటే ఏ తేదీకి ఎంత ధరో ముందే తెలియాలి. గంట గంటకూ మారే ధర చూసి ఎవరూ ప్రయాణం ముందుకు జరుపుకోరు, భయపడి ఏదో ఒకటి కొనేస్తారు.

సింగపూర్‌లో రోడ్డు రద్దీ ఛార్జీ 1975లో కాగితపు లైసెన్సుతో మొదలై 1998లో ఎలక్ట్రానిక్ అయింది. దాని రేట్లు అరగంట అరగంటకూ మారతాయి, కానీ ముందే ప్రకటించిన పట్టిక ప్రకారమే. ఎక్స్‌ప్రెస్‌వేల మీద గంటకు 45 నుంచి 65 కిలోమీటర్లు, మామూలు పెద్ద రోడ్ల మీద 20 నుంచి 30 కిలోమీటర్ల వేగం నిలపడం లక్ష్యం. వేగం బాగుంటే రేటు తగ్గిస్తారు. స్టాక్‌హోంలో 2006 జనవరి నుంచి జులై వరకు ప్రయోగం చేసి చూపించారు. మొదట వ్యతిరేకించిన జనం ట్రాఫిక్ సుమారు 20 శాతం తగ్గడం కళ్లారా చూశాక సెప్టెంబరు రెఫరెండంలో ఒప్పుకున్నారు, 2007 ఆగస్టులో శాశ్వతం చేశారు. ఆ డబ్బు ప్రభుత్వానికి వెళ్తుంది, దేనికి ఖర్చయిందని నిలదీసి అడగవచ్చు. మన పండగ బస్సు ధరలో పట్టికా లేదు, లక్ష్యమూ లేదు, ఆ డబ్బుతో వచ్చే ఏడు ఒక్క బస్సైనా పెరుగుతుందన్న హామీ లేదు. జనం కోపం అక్కడే ఉంది, ఆ కోపం న్యాయమైనది.

1986లో కానమన్, నెట్ష్, థేలర్ చేసిన సర్వేలో ఒక ప్రశ్న ఉంది. మంచు తుఫాను మర్నాడు మంచు ఎత్తే పార ధరను షాపువాడు 15 డాలర్ల నుంచి 20కి పెంచితే న్యాయమేనా అని. 82 శాతం మంది అన్యాయమన్నారు. ఖర్చు పెరిగి ధర పెంచితే జనం ఓర్చుకుంటారు, అవసరం చూసి పెంచితే ఓర్చుకోరు. డిపో_లెక్కలు గారు విడదీసిన 1.45 గీత సరిగ్గా ఈ తేడాయే.

అయినా గరిష్ఠ ధర ఒక్కటే పెడితే ఏమవుతుందో మహారాష్ట్రలో చూడవచ్చు. ప్రైవేటు కాంట్రాక్ట్ క్యారేజీలు (బస్సంతా ఒక ఒప్పందం మీద కిరాయికి తిప్పే పర్మిట్ ఉన్నవి) అదే తరగతి ఎస్టీ (అక్కడి ప్రభుత్వ రవాణా సంస్థ) బస్సు ఛార్జీకి ఒకటిన్నర రెట్లు మించి తీసుకోకూడదని 2018లో ఉత్తర్వు ఇచ్చారు. పరిమితి మంచిదే. అయినా దీపావళి వచ్చిందంటే ఫిర్యాదులు వస్తూనే ఉన్నాయి. ధర కట్టేస్తే సీట్లు మొదటి రోజే అయిపోతాయి. యాప్‌లో నాలుగు సీట్లు చూపించి మిగతావి ఏజెంట్ల దగ్గర నగదుకు అమ్ముతారు. "సోల్డ్ అవుట్" అని ఉన్న బస్సులో బోర్డింగ్ పాయింట్ దగ్గర సీటు దొరుకుతుంది, రసీదు దొరకదు. లేకపోతే మధ్య ఊళ్ల టికెట్లు ఆపేస్తారు, సూర్యాపేటలో దిగేవాడు కూడా విశాఖ దాకా ఛార్జీ కట్టాలంటారు. ఆసుపత్రి పని మీదో చావు కబురు వినో బయల్దేరినవాడికి ఏ ధరకూ సీటు ఉండదు. కాబట్టి పరిమితితో పాటు మూడు అడగండి: తేదీల వారీ ధరల పట్టిక కనీసం 60 రోజుల ముందు ప్రకటించడం, ప్రతి బస్సులో కొన్ని బెర్తులు ప్రయాణానికి 48 గంటల ముందు మాత్రమే, అదే ధరకు తెరవడం, అన్నిటికంటే ముఖ్యంగా అదనపు బస్సులు.

కాలనీ_కార్యదర్శి

చాలా ఉపయోగపడే సమాధానాలు. ఇంకో రెండు సందేహాలు. ప్రైవేటు బస్సు ధర మీద ప్రభుత్వానికి అసలు అధికారం ఉందా? "మేం కాంట్రాక్ట్ క్యారేజీ, మా ఇష్టం" అంటారు ఆపరేటర్లు. రెండోది, నెల ముందు మామూలు ధరకు బుక్ చేసుకున్న టికెట్‌ను పండగ వారంలో "సాంకేతిక కారణాల" పేరుతో రద్దు చేసి డబ్బు వెనక్కి ఇచ్చేసి, అదే సీటును ఎక్కువ ధరకు అమ్మడం జరుగుతోంది. దీనికేం చేయాలి?

సెక్షన్_67

అధికారం ఉంది. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 67 కింద రాష్ట్ర ప్రభుత్వం స్టేజ్ క్యారేజీలకు, కాంట్రాక్ట్ క్యారేజీలకు, సరుకు బండ్లకు కూడా గరిష్ఠ, కనిష్ఠ ఛార్జీల విషయంలో రవాణా అధికార సంస్థలకు ఆదేశాలు ఇవ్వవచ్చు. స్టేజ్ క్యారేజీకి, అంటే దారిలో ఎక్కించుకుంటూ దించుకుంటూ పోయే బస్సుకు ఛార్జీ నోటిఫై చేయడం మామూలే. కాంట్రాక్ట్ క్యారేజీకి ఆ పని చేయకపోవడం వల్ల "మా ఇష్టం" అనే మాట వచ్చింది. క్యాబ్‌ల విషయంలో కేంద్రం 2020 మార్గదర్శకాల్లో బేస్ ఫేర్‌కు 1.5 రెట్లు, 2025 జులై మార్గదర్శకాల్లో 2 రెట్లు దాకా సర్జ్ అనుమతించింది, కిందికి సగం దాకా తగ్గించవచ్చు. ఆ బేస్ ఫేర్‌ను రాష్ట్రం నోటిఫై చేయాలి. అది లేకుండా రెండు రెట్లు అంటే దేనికి రెండు రెట్లో తేలదు. మీ వినతిపత్రానికీ ఇదే ఇబ్బంది వస్తుంది, జాగ్రత్త.

ఇంకో ముఖ్యమైన మాట. "ప్రైవేటు బస్సులపై దాడులు చేయండి" అని మాత్రం రాయకండి. పండగ ముందు తనిఖీల్లో అధికారులకు చేతిలో ఉండే తేలిక ఆయుధం పర్మిట్ ఉల్లంఘన. కాంట్రాక్ట్ క్యారేజీ అయి ఉండి టికెట్ టికెట్‌కూ ప్రయాణికులను ఎక్కించుకున్నారని కేసు రాస్తారు, బస్సు సీజ్ చేస్తారు. ఛార్జీ మీద కేసు కాదది. నడిరోడ్డు మీద దిగేది ప్రయాణికులు, తగ్గేది ఆ రాత్రి సీట్లు, దాంతో మిగతా బస్సుల ధర ఇంకా పెరుగుతుంది. ఫిట్‌నెస్ లేని బస్సును, అత్యవసర ద్వారానికి బెర్తు అడ్డం పెట్టిన బస్సును ఆపాల్సిందే, అందులో రాజీ లేదు. ఆ తనిఖీలు డిసెంబరులోనే, బస్సులు షెడ్డులో ఉన్నప్పుడు చేయమని అడగండి.

అదనపు బస్సులకు దారి సెక్షన్ 87. జాతరలు, పండగలు లాంటి ప్రత్యేక సందర్భాలకు, తాత్కాలిక అవసరానికి నాలుగు నెలలు మించకుండా తాత్కాలిక పర్మిట్ ఇవ్వవచ్చు. సంక్రాంతి సెలవుల్లో కంపెనీల ఉద్యోగుల బస్సులు చాలావరకు నిలిచే ఉంటాయి. వాటికి ఈ పర్మిట్ ఇస్తూ "ఆర్టీసీ స్పెషల్ ఛార్జీకి మించకూడదు" అనే షరతు అందులోనే రాయవచ్చు. షరతు పర్మిట్‌లో ఉంటే ఉల్లంఘన నిరూపించడం సులువు. సీటింగ్ బస్సులే కాబట్టి విజయవాడ, ఏలూరు, రాజమండ్రి దాకా బాగా పనికొస్తాయి, విశాఖకు డ్రైవర్ మార్పు తప్పనిసరి చేయాలి.

రద్దు చేసి మళ్లీ అమ్మే విషయం. ఇది ధర గొడవ కాదు, కుదిరిన ఒప్పందం నుంచి తప్పుకోవడం. వినియోగదారుల రక్షణ చట్టం 2019 కింద అన్యాయ వ్యాపార పద్ధతిగా, సేవాలోపంగా ఫిర్యాదు చేయవచ్చు. గెలవాలంటే సాక్ష్యం కావాలి, అది రెండు గంటల్లో మాయమైపోతుంది. రద్దు మెసేజ్ రాగానే అదే సర్వీసు, అదే బయల్దేరే వేళ, అదే సీటు నంబరు ఇంకా అమ్మకంలో ఉన్నట్టు కనబడే స్క్రీన్‌షాట్ తీయండి, తేదీ, టైము పడేలా. రద్దు చేసింది ఆపరేటర్ అని ఉన్న మెసేజ్ దాచండి. యాప్‌లో తొందరపడి "క్యాన్సిల్" మీరు నొక్కకండి, నొక్కితే మీరే రద్దు చేసినట్టు రికార్డవుతుంది, క్యాన్సిలేషన్ ఛార్జీ కూడా పోతుంది. ప్రత్యామ్నాయంగా కొన్న టికెట్ రసీదు ఉంచుకోండి, రెండు ధరల తేడాయే మీ నష్టం. ముందు 1915కు, అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఫిర్యాదు చేసి నంబరు తీసుకోండి. తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు, లాయరు లేకుండా మీరే వాదించుకోవచ్చు.

డిపో_లెక్కలు

గిరాకీ_సరఫరా గారి మాటల్లో ఒకదానితో విభేదిస్తాను. ధర పెరిగితే బస్సులు పెరగవనేది పూర్తిగా నిజం కాదు. ఆల్ ఇండియా పర్మిట్ ఉన్న బండ్లు బెంగళూరు, చెన్నై రూట్ల నుంచి పండగ వారం ఇటు మళ్లుతాయి. అక్కడ వచ్చే ఆదాయం వదులుకుని రావాలంటే ఖాళీ ట్రిప్పు ఖర్చు ఇక్కడ దొరకాలి. మామూలు ధరకే నడపాలని కట్టేస్తే ఇవి రావు, ఉన్నవీ పెళ్లి కిరాయిలకు పోతాయి. 1.5 ఇస్తే వస్తాయి. 3 ఇచ్చినా అంతకంటే పెద్దగా రావు, ఎందుకంటే రాగలిగినవన్నీ అప్పటికే వచ్చేసి ఉంటాయి. పరిమితిని ఒకటిన్నర దగ్గర పెట్టమనడానికి ఇది రెండో కారణం. అలాగే హైదరాబాద్ సిటీ బస్సులను కూడా ఆర్టీసీ స్పెషల్స్‌గా పంపుతుంది, ఆ వారం నగరం ఖాళీ కాబట్టి అది సాధ్యం. ఆర్టీసీ సీట్లు ఎన్ని పెరిగితే ప్రైవేటు ధర అంత దిగుతుంది. పరిమితి కంటే ఇది బలమైన పగ్గం.

కాలనీ_కార్యదర్శి

ముసాయిదా ఇలా అనుకుంటున్నాం. పండగకు ముందు ఆరు రోజులు, తర్వాత ఆరు రోజులు రద్దీ దిశలో గరిష్ఠంగా 1.5 రెట్లు. విజయవాడ లోపు దూరాలకు 1.3. ఎదురు దిశలో మామూలు ధర మించకూడదు. తేదీల వారీ పట్టిక నవంబరు 15 లోపు. సెక్షన్ 87 పర్మిట్లు డిసెంబరు చివరికల్లా. ఆపరేటర్ రద్దు చేస్తే టికెట్ డబ్బుతో పాటు ప్రత్యామ్నాయ టికెట్ తేడా కూడా ఆపరేటరే ఇవ్వాలి. ఏమైనా మార్చాలా?

సెక్షన్_67

బాగుంది. "మామూలు ధర" అన్నచోట ఆగండి. నిర్వచనం లేకపోతే డిసెంబరులోనే మామూలు ధరను రెండు వేల నాలుగు వందలకు ఎక్కించి, దాని మీద ఒకటిన్నర తీసుకుంటారు. ఆర్టీసీలో సరితూగే తరగతి ఛార్జీని ఆధారంగా రాయండి, ఏసీ సీటర్‌కు గరుడ ప్లస్, ఏసీ స్లీపర్‌కు ఏపీలో వెన్నెల, తెలంగాణలో లహరి, కిలోమీటరు లెక్కన. ఆర్టీసీలో లేని తరగతులకు ఆ ఆపరేటర్ సెప్టెంబరు, అక్టోబరు మంగళ, బుధవారాల్లో అమ్మిన ధరల మధ్యస్థం, అంటే వరసగా పేరిస్తే సరిగ్గా నడుమ వచ్చే ధర. బుకింగ్ యాప్‌ల దగ్గర ఆ రికార్డు ఉంటుంది, రవాణా శాఖ అడిగి తెప్పించుకోవచ్చు. దసరా వారం తీసేయడం మరవకండి.

బెర్తు_చార్టు

ఇంకొకటి. బస్సులో బెర్తు బెర్తుకూ ధర వేరు. కింది సింగిల్ బెర్తు అన్నిటికంటే ఎక్కువ, చివరి వరస పై బెర్తు తక్కువ. పరిమితిని "సగటు" అని రాస్తే చివరి వరస రెండు బెర్తులు చవగ్గా చూపించి మిగతావి పెంచేస్తారు. ఏ ఒక్క బెర్తూ ఆ గీత దాటకూడదని రాయండి. జీఎస్టీ, యాప్ ఫీజు కలిపిన మొత్తానికి ఆ గీత వర్తిస్తుందని కూడా చేర్చండి, లేకపోతే పెంపంతా "కన్వీనియన్స్ ఫీజు" గడిలోకి జరుగుతుంది.